పారేసిన డాలియా తలలు

మా కోడలిని ఆసుపత్రిలో అందరూ పూలక్క అంటారు. నేను మాత్రం ఆ పేరుతో ఏనాడూ పిలవలేదు. నాకు పూల మీద అంత మోజు లేదు. పాతికేళ్ళు చిలగడదుంపలు పండించి పిల్లల్ని పెంచినదాన్ని. తవ్వితే చేతికి ఏదో ఒకటి తగలాలి, అది పొయ్యి మీదికి ఎక్కాలి. ఊరికే చూసి మురిసిపోవడానికి ఒక మొక్కా, దానికి రెండు పూటలా నీళ్ళా అని తను కాపురానికి వచ్చిన కొత్తలోనే అడిగాను. నవ్వి ఊరుకుంది. ఎదురు చెబితే నేనూ నాలుగు మాటలు అందును కదా, నవ్వి ఊరుకుంటే ఏం చెయ్యను? ఒళ్ళు మండేది.

తను ఆసుపత్రిలో మొదట ఊడ్చే పనికి చేరింది. అక్కడి ముసలి తోటమాలి పని మానుకుని వెళ్తూ వెళ్తూ ఒక డాలియా దుంపల గుత్తి తన చేతిలో పెట్టి, దీన్ని చావనివ్వకమ్మా అన్నాడట. ఇక అంతే, చీపురు వదిలి పార పట్టింది. తొమ్మిదేళ్ళలో ఆ ఒక్క గుత్తిని ఇరవై మూడు చేసింది. పూలయిపోయి ఆకు ఎండగానే గుత్తులు తవ్వి తీసి, పెట్టెలో పొడి ఇసుక పోసి దాచేది. ఆ పెట్టె ఉండేది మా వంటగది మూలన, నేను డబ్బాలు సర్దుకోవలసిన చోట. అడ్డమని సణుక్కోవడమే గానీ, ఇసుక కిందున్న దుంప మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు ఆసుపత్రికి కొత్తగా పెద్ద డాక్టరు వచ్చాడు. గుమ్మం ముందున్న పూలమడి మీద ఆయన కన్ను పడింది. దాన్ని చదును చేసి సిమెంటు వేస్తే ఆరు కార్లు పడతాయన్నాడు. కోడలు ఎవరి ముందూ నోరు విప్పే మనిషి కాదు. అలాంటిది ఆయన గది ముందు గంటసేపు నిలబడి, పై వార్డులో ఉన్నవాళ్ళకి కిటికీలోంచి కనబడేది ఈ మడి ఒక్కటేనని చెప్పి వచ్చింది. ఆయన మెత్తబడ్డాడో, విసుగెత్తాడో, మూడు నెలల్లో కొత్త వార్డు తెరుస్తున్నాం, ఆ రోజుకి మడిలో పూలుంటే ఉంచుతాను, లేకపోతే సిమెంటే అన్నాడు. అన్నవాడు ఊరుకోక కంకర కూడా తోలించి మడి పక్కన కుప్ప పోయించాడు. మడి పోతే తోటపని పోయినట్టే, తను మళ్ళీ చీపురు పట్టాల్సిందే.

మర్నాడు నాటాలని గుత్తులన్నీ ఇసుక దులిపి, బుట్టలో పెట్టి, వంటగది గుమ్మం దగ్గర ఉంచి పనికి వెళ్ళింది. నా చూపు సంగతి మీకు చెప్పనే లేదు. ఒక కంట్లో పొర, రెండో కన్ను దానికి తోడు. బుట్ట నిండా తోకలు దేలిన లావుపాటి దుంపలు కనబడేసరికి మావాడు నాకోసం చిలగడదుంపలు తెచ్చాడనుకున్నాను. తల్లి నోటి రుచి ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందిరా నాయనా అని పొంగిపోయి కత్తిపీట వేసుకుని కూర్చున్నాను.

నేను కొయ్యడం మొదటినుంచీ మోటు. తల దగ్గర అరంగుళం పోతే గానీ నాకు శుభ్రమైనట్టు ఉండదు. నాది దుబారా చెయ్యి అని మావాడు వెక్కిరిస్తాడు కూడా. ఆ రోజూ అలాగే కోశాను. దుంపలు కుండలోకి వెళ్ళాయి, తలలు ఒక గంపెడయ్యాయి. చెత్త పెరట్లో వెయ్యొద్దు, చెత్తబండిలోనే వెయ్యాలి అని కోడలు నాకు వందసార్లు చెప్పింది. వీధి చివరిదాకా నడవడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. బట్టలుతికే బండ వెనక్కి విసిరేసి చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం మావాడు ఉడికిన ముక్క నోట్లో వేసుకుని, ఇవేం దుంపలమ్మా, నీళ్ళు నమిలినట్టుంది అన్నాడు. అప్పుడే కోడలు వచ్చింది. ఖాళీ బుట్ట చూసింది, కుండ చూసింది.

"అత్తయ్యా, వీటి తలలేం చేశారు?" అంది.

అరవలేదు. ఆ నెమ్మదితోనే అవి తన డాలియా దుంపలని నాకు తెలిసిపోయింది. చేసిన ఘనకార్యం చాలదన్నట్టు పెరట్లో చెత్త కూడా వేశానని ఎలా చెప్పను? తలలతో ఈవిడకేం పనిలే అనుకుని, చెత్తబండిలో వేసేశానన్నాను. తను గోడకి చేరగిలబడి ఏడ్చింది. ఇన్నేళ్ళలో తను ఏడవగా చూడడం అదే మొదలు. మర్నాటినుంచి మొక్కలమ్మేవాళ్ళందరి దగ్గరికీ తిరిగింది. దుంపల అమ్మకం అప్పటికే అయిపోయిందన్నారు. తెచ్చిన చిన్న మొక్కలు మడిలో ఒక మూలకైనా చాలలేదు.

నేనేం ఊరుకోలేదు. వండగా మిగిలిన తలలేని పచ్చి దుంపలు పది ఉంటే ఎవరికీ చెప్పకుండా కుండీల్లో పాతాను. చిలగడదుంప అయితే ఎక్కడ ముక్క కోసి పాతినా మొలుస్తుంది. ఇదీ దుంపే కదా, మొలవక ఏం చేస్తుందనుకున్నాను. తెలుసు నా మొహం. రోజూ మట్టిలో వేలు పెట్టి చూడడం, తేలు కుట్టిన దొంగలా లోపలికి రావడం. పన్నెండో రోజుకి కుండీలు కంపు కొట్టాయి. వేలికి మెత్తగా కుళ్ళు తగిలింది.

ఆ తరవాత నాలుగు రోజులకి బట్టలు ఉతుకుతుంటే బండ వెనక ఏవో నల్లటి కాడలు గుంపుగా కనబడ్డాయి. పిచ్చిమొక్కలనుకుని ఒకదాన్ని పట్టి లాగాను. బరువుగా వచ్చింది. కింద నేను కోసి పారేసిన తల. దానికి నేను దుబారా చేసిన అరంగుళం దుంప, ఆ దుంపకి తెల్లటి వేళ్ళు. కోడలు తలలెందుకు అడిగిందో అప్పటికి గానీ ఈ బుర్రకి ఎక్కలేదు.

ఇప్పుడు చెబితే అబద్ధం బయటపడుతుంది. మళ్ళీ మట్టి కప్పేద్దామనుకున్నాను, నిజమే. కానీ ఆ మొక్కను ఎలా బతికించాలో నాకేం తెలుసు? తడిచెంగులోనే చుట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ ఆసుపత్రికి నడిచాను. తను ఖాళీ మడిలో ఊరికే మట్టి తిరగేస్తూ ఉంది.

"అమ్మాయ్, చెత్తబండి మాట అబద్ధం. బండ వెనక పారేశాను. ఇదిగో" అన్నాను.

తను ఆ మొక్కని చూసింది, నన్ను చూసింది. తిడుతుందని తల వంచుకున్నాను.

"దీనికి ప్రాణమంతా మెడలోనే ఉంటుంది అత్తయ్యా. మెడ లేకపోతే ఒళ్ళెంత లావున్నా మొలవదు" అని చెంగులోంచి తీసుకుంది. తరవాత నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండలేదు, ఏడుపొచ్చింది.

బండ వెనక తలలన్నీ తెచ్చి మడిలో నాటితే ఇరవై మూడింట్లో పంతొమ్మిది బతికాయి. అవి మడిలో నిలదొక్కుకునేదాకా నేనూ రోజూ వెళ్ళి పురుగులేరాను. వార్డు తెరిచే రోజు పొద్దున ఆరే విచ్చాయి, మిగతావన్నీ మొగ్గలు. పెద్ద డాక్టరు వచ్చి మడి ముందు నిలబడ్డాడు. ఆయన మొహంలో ఏమీ తెలియడం లేదు. ఇంతలో పై కిటికీలోంచి ఒక పెద్దావిడ, పూలక్కా, ఏడోది కూడా విచ్చుకుంటోంది చూడు అని కేకేసింది. ఆయన తలెత్తి చూశాడు. ప్రతి కిటికీలోనూ మనుషులే, అందరి చూపూ మడి మీదే. ఆయన లోపలికి వెళ్ళాడు. సాయంత్రానికి బండి వచ్చి కంకర ఎత్తుకుపోయింది.

మొన్న ఆకు ఎండాక గుత్తులు తవ్వాం. ఇంటికి తెచ్చి విడదీయాలి, ప్రతి ముక్కకీ మెడా, మెడ మీద మొలక కన్నూ ఉండాలి. కోడలు బుట్ట తెచ్చి నా ముందు పెట్టి, కత్తి నా చేతికిచ్చింది. నాకు చూపానదే అన్నాను.

"మీరే కొయ్యండి. మీ దుబారా చెయ్యే దీనికి మంచిది" అని మొలక కన్ను మీద తన వేలు పెట్టి చూపించింది.

వేలికి అరంగుళం ఎడంగా కత్తి ఆనించాను. తను వేలు తియ్యలేదు.