ప్లీడరు గారు ఏమంటున్నారంటే

మా తమ్ముడికి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే గుణం అసలే లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఇంట్లో కుక్క మొరిగితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ఆ మొరుగుకి అర్థం చెబుతాడు. చెప్పేదాకా వాడికి ఊపిరాడదు.

వాడిది తాళాలు బాగుచేసే పని. వీధివైపు గది వాడి కొట్టు, లోపలి గదిలో నా కుట్టుమిషను. ఎవరైనా తాళం తెస్తే వాడు వెంటనే విప్పడు. చెవికి ఆనించుకుని, సన్నటి కమ్మీతో కెలుకుతూ, లోపల ముక్కలు టిక్కుమనడం వింటాడు. నలభై ఏళ్ళు ఇనుముతో మాట్లాడినవాడికి కుక్క ఒక లెక్కా? తెచ్చిన నెలకే దాని భాష వచ్చేసిందన్నాడు. నాకు మూడో తరగతి వాచకమే రాలేదు.

ప్రతిదానికీ ఎదురు వాదిస్తుందని ఆ కుక్కకి ప్లీడరు అని నేనే పేరు పెట్టాను. మావాడు దానికి ‘గారు’ తగిలించాడు. సొంత బావని, పోయిన మా ఆయన్ని, ఏనాడూ గారు అన్న పాపాన పోలేదు.

ఒకసారి ఒక పంతులమ్మ బీరువా తాళం చెవి పోయిందని ఏడుస్తూ వచ్చింది. కుక్క రెండుసార్లు మొరిగింది. మావాడు కమ్మీ కింద పెట్టేశాడు.

“ప్లీడరు గారు ఏమంటున్నారంటే, తాళం చెవి ఎక్కడికీ పోలేదు, మీ సంచీ అస్తరులో ఉందంటున్నారు.”

ఆవిడ సంచీ దులిపింది. తాళం చెవి కింద పడింది. అస్తరు చిరిగి వేలాడుతున్న సంగతి గుడ్డివాడికైనా కనపడుతుంది. అయినా పేరు కుక్కకి వచ్చింది. వీధిలో మావాడికి కూడా ఒక పేరు వచ్చింది, అది నేను చెప్పను. పిల్లలు వాడి వెనక భౌ భౌ అంటూ నడిచేవాళ్ళు. వాడు వెనక్కి తిరిగి, ఉచ్చారణ సరిగ్గా లేదని దిద్దేవాడు.

దాని అల్లరి భరించలేక నేనే దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. నేనూ వెళ్ళాను. డాక్టరు నెమ్మదైన మనిషి.

“మనందరి చూపూ తనమీదే ఉండాలని చేసే అల్లరండీ ఇది. అరిచినప్పుడు దానివైపు చూడకండి, పలకరించకండి. ఊరుకున్నాక దగ్గరికి తీయండి. పది రోజుల్లో మానేస్తుంది.”

మావాడు కుక్క గొలుసు చేతికి చుట్టుకున్నాడు. “మా బావ మా అక్క దగ్గర పాతికేళ్ళు ఇదే పద్ధతి పాటించాడండీ. ఆయన పోయాడు గానీ, ఈవిడ మానలేదు.”

డాక్టరు నవ్వలేదు, నా ముఖం చూసి.

దాని అల్లరంతా నామీదే. మావాడి దగ్గర దేవుడి ముందు దీపంలా కూర్చుంటుంది. నేను మిషను ముందు కూర్చుంటే వచ్చి మోకాలికి తల కొట్టుకుంటుంది. కుడుతున్న గుడ్డ అంచు పళ్ళతో పట్టి గుమ్మంవైపు లాగుతుంది. ఒక్కోసారి వంటింటి గుమ్మంలో బొంగరంలా తిరుగుతుంది. నేను తిట్లు అందుకోగానే వీధిగదిలోంచి మావాడు గొంతు చించుకుంటాడు.

“అక్కా, ప్లీడరు గారు నిన్ను గుమ్మం దాకా ఒకసారి నడిచి రమ్మంటున్నారు. కూర్చుని కూర్చుని నీ మోకాళ్ళు పట్టేశాయని ఆయన బాధ.”

“దాని బాధ తగలెయ్య” అంటూ లేస్తాను. వెళితే గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. ఎలాగూ వచ్చాను కదా అని మాట్లాడి పంపిస్తాను. అది బొంగరంలా తిరిగినప్పుడు మాత్రం, “ఆయనకి నీ వంట చూడాలని ఉందట” అంటాడు. వెళ్ళి చూస్తే కుక్కరు దించాల్సిన వేళే అయి ఉంటుంది. నా అదృష్టం అనుకునేదాన్ని.

చివరికి నాటకాల హాలు వాళ్ళ తెర దగ్గర మా ఇద్దరికీ చెడింది. ఇరవై గజాల ఎర్ర మఖమలు. సూది పరుగు మీద ఉండగా కుక్క వచ్చి అంచు పట్టుకుని లాగింది. కుట్టు మూరెడు పొడవున వంకర పోయి, గుడ్డ చిరిగింది.

“ఆదివారానికల్లా ఇది ఈ ఇంట్లో ఉండకూడదు. ఉంటే నేనుండను” అన్నాను.

“కాస్త నిదానంగా ఆలోచించక్కా.”

“అలా అరుస్తావేం? నాకేమన్నా చెవుడా?”

వాడు చిరిగిన అంచు మడతపెట్టాడు. కర్రల డిపో వాచ్‌మన్‌కి ఒక కుక్క కావాలిట, అతనికిస్తానన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. గెలిచినందుకు సంతోషించాలో, పోట్లాట మధ్యలో ఆగిపోయినందుకు ఏడవాలో తెలియలేదు.

ఆ వారం కుక్కని పెరట్లో కట్టేయించాను. డాక్టరు చెప్పినట్టే దానివైపు చూడడం మానేశాను. ఆ వారమే ఇంటికి ఏదో పీడ పట్టింది. కుక్కరు అడుగంటి నల్లబడింది. ట్యాంకు నిండి నీళ్ళు పెరడంతా పారాయి. మావాడు బయటికి పోయిన పూట గ్యాసు అతను ఎంత పిలిచినా ఎవరూ పలకలేదని బండ వెనక్కి తీసుకుపోయాడు. అతన్ని అబద్ధాలకోరు అని వీధంతా వినేలా తిట్టాను. శుక్రవారంనాడు మావాడు పనిబల్లని, పట్టకారుతో సహా, వీధిగదిలోంచి మోసుకొచ్చి నా మిషను పక్కన వేసుకున్నాడు.

“ఇక్కడెందుకురా? వచ్చినవాళ్ళు నిన్నెక్కడ వెతుక్కుంటారు?”

“ఇక్కడ వెలుతురు బాగుందక్కా.”

ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ. దానికి కూడా పరదా వేసి ఉంది.

ఆదివారం పొద్దున్నే ఎవరిదో బీరువా తెరవాలంటూ వాడు వెళ్ళిపోయాడు. కుక్కని పంపడం చూడలేకే వెళ్ళాడని నాకు తెలుసు. నేను పరదా తీసి తెర బాగుచేస్తూ కూర్చున్నాను. కాసేపటికి తలెత్తితే వాచ్‌మన్ నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఉలిక్కిపడి కత్తెర అందుకున్నాను.

“పావుగంట నుంచి తలుపు బాదుతున్నానమ్మా” అని అరిచాడు. “ఇక లాభం లేదని లోపలికి వచ్చేశాను.”

“బాదితే వినపడదూ? ఇదేమన్నా కోటా?”

అతను రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకున్నాడు. “ముందు ఆ కుక్కని ఊరుకోమనండి. చెవులు చిల్లులు పడుతున్నాయి.”

కిటికీలోంచి చూశాను. పెరట్లో కుక్క గొలుసు తెంచుకునేలా లాగుతోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. మెడ అదిరిపోతోంది. వారం నుంచీ అంతే.

“దానికి గొంతు పోయింది. ఊరికే నోరాడిస్తోంది” అన్నాను.

“గొంతు పోవడమేంటమ్మా?” అని అతను నావైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది. నా ముఖం చూసి భయపడినవాళ్ళున్నారు, పారిపోయినవాళ్ళున్నారు. జాలిపడినవాళ్ళు అంతవరకూ లేరు. మిషను చక్రాన్ని చేత్తో ఆపాను. ఆపినా పెరట్లోంచి ఏ చప్పుడూ రాలేదు.

“మీ తమ్ముడు నిన్న డిపోకి వచ్చి అన్నీ చెప్పాడమ్మా” అన్నాడు, ఇంకా దగ్గరికి వచ్చి. “ఎవరైనా తలుపు కొడితే ఇది గుడ్డ పట్టుకుని లాగుతుందట. కుక్కరు కూత పెడితే గిరగిరా తిరుగుతుందట. కొట్టకు, అల్లరి కాదు, నేనే నేర్పాను, రెండేళ్ళు పట్టింది అన్నాడు. ఎందుకు నేర్పావయ్యా అంటే, మా అక్కకి అని ఆపేశాడు. ఈ మాట మీతో అనొద్దన్నాడు.”

“మరి అన్నావుగా.”

“పొరపాటైందమ్మా.”

రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ వీధంతా వాడిని పిచ్చివాడంది. నేను పూటకొకసారి అన్నాను. మా అక్కకి చెవుడు అని ఒక్కమాట అంటే వాడి పరువు నిలిచేది. అనలేదు. చెవిటిది అని తెలిస్తే నాతో ఎవరూ పోట్లాడరు, అయ్యో అని ఊరుకుంటారు. పోట్లాట లేకపోతే నేను ఏం తిని బతుకుతాను? ఆ సంగతి వాడికి తెలుసు. పక్కన ఉన్న పనిబల్ల చూశాక మిగిలింది కూడా అర్థమైంది. కుక్కని పంపేసి, దాని ఉద్యోగంలో తనే చేరదామనుకున్నాడు.

వాచ్‌మన్‌కి మంచినీళ్ళిచ్చి పంపించేశాను. మావాడు మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి కుక్క నా పాదం మీద తల పెట్టి పడుకుని ఉంది.

“అతను రాలేదా?” అన్నాడు.

“వచ్చాడు. కుక్కని పెంచే ముఖం కాదు. పంపించేశాను.”

“మరి తెర చింపింది కదక్కా?”

“నేనే వంకరగా కుట్టాను. ఆ బల్ల తీసుకుపోయి నీ గదిలో వేసుకో, ఇనుప వాసన. ఇంకోటి. రేపు చెవుల డాక్టరు దగ్గరికి పోవాలి.”

“ఎవరికక్కా?”

“నీకే. అలా గొంతు చించుకుంటావు, నీ చెవుల్లో ఏదో లోపం ఉంది. పనిలో పనిగా నావీ చూపిస్తాను.”

వాడు చాలా గంభీరంగా తలూపాడు. “నాకూ అనుమానంగానే ఉందక్కా.”

డాక్టరు ముందు వాడి చెవులే చూశాడు. వాడు బుద్ధిగా చూపించుకున్నాడు.

ఇప్పుడు నా చెవిలో చిక్కుడుగింజంత మిషను ఉంది. కుక్కరు కూత వినపడుతుంది, తలుపు చప్పుడు వినపడుతుంది, వీధిగదిలో వాడు తాళాలతో ఆడే గుసగుసలు కూడా వినపడతాయి. అయినా ప్లీడరు వచ్చి గుడ్డ లాగేదాకా నేను లేవను. రెండేళ్ళు కష్టపడి నేర్చుకున్నదాని పని లాక్కుంటే అదెక్కడికి పోతుంది? గుమ్మంలో వాళ్ళు కాసేపు నిలబడితే కాళ్ళేం అరిగిపోవు. మావాడు మాత్రం తొంగి చూసి దిగులుపడతాడు. “అక్కా, ఆ మిషను సరిగ్గా పనిచేస్తున్నట్టు లేదు. ఒకసారి ఇటివ్వు, విప్పి చూస్తాను” అంటాడు. నాకు వినపడనట్టే కుట్టుకుంటూ ఉంటాను.