అమ్మేసిన కారుకు ఓనరు

నేను అమ్మేసిన కారు దివిసీమలో ఒక మనిషిని గుద్ది ఆగకుండా పోతే, నడిపిందెవరో వారం లోపల చూపించమని పోలీసులు నాకు నోటీసు పంపారు. చూపించలేకపోతే నడిపింది నేనేనని అనుకోవలసి వస్తుందని కూడా అందులో ఉంది. ఆ కారు నా గుమ్మం దాటి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో నేను దాన్ని కంటితో చూసిన పాపాన పోలేదు. అసలు కళ్లు కనపడకే కదా అమ్ముకున్నది!

నోటీసు తెచ్చిన కానిస్టేబులు మర్యాదస్తుడే. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, "మీరేనాండీ బండి తోలేది?" అని అడిగాడు.

"సూదిలో దారం ఎక్కించడానికే నాకు మనిషి కావాలి నాయనా. కారేం తోలతాను?"

"ఆ మాటే కాగితం మీద రాసివ్వండి. రికార్డులో మట్టుకు ఓనరు మీరే."

ఓనరు! ఉన్నప్పుడు ఒక్కరూ నన్ను ఓనరుగారూ అని పిలవలేదు. అమ్మేశాక వచ్చింది ఆ హోదా.

బందరులో నలభై ఏళ్లకు పైగా బట్టలు కుట్టాను. రెండో తరగతిలో బడి మానేసి కుట్టుమిషను దగ్గర చేరినవాణ్ణి. మా మేస్త్రి జాకెట్ల కొలతలు పాత పేపర్ల మీద గీసి కత్తిరించమనేవాడు. కత్తిరించే ముందు ఆ పేపరు చదివేవాణ్ణి. మొదట్లో అక్షరాలు కూడబలుక్కుంటూ, తరవాత గడగడా. అలా నా చదువంతా నెలా రెండు నెలల పాత వార్తలతోనే సాగింది. అయినా చదివింది మరిచిపోలేదు. ఒకరికి చెయ్యి చాచలేదు, ఒకరి చేత వేలెత్తి చూపించుకోలేదు. అలాంటి నాకు డెబ్బై దాటాక పోలీసు నోటీసు.

బడి పిల్లల యూనిఫారాల పని పట్టుకున్న రోజుల్లో, కుట్టిన మూటలు గుడివాడా పామర్రూ చేర్చడానికి ఒక పాత చిన్న కారు కొన్నాను. శుక్లాలు ముదిరాక అమ్మకానికి పెట్టాను. తరవాత ఆపరేషనుతో చదువుకునేంత చూపు వచ్చింది గాని, బండి తోలేంత రాలేదు. కొన్నవాడు గుడివాడ మనిషి. ముదినేపల్లి వైపు చేపల చెరువులకు మేత సప్లై చేస్తాడు. మా ఆవిడ పుట్టిన ఊరివాడు కాబట్టి నన్ను మావయ్యా అంటాడు, నేను అల్లుడూ అంటాను. మా వైపు వరస కలిసిందంటే ఇక కాగితాల గురించి గట్టిగా అడగడం అమర్యాద.

పేరు మార్పు ఫారాలు తనే తెచ్చాడు. కొనేవాడి పేరు దగ్గర ఖాళీ. తేదీ దగ్గర ఖాళీ.

"ఇక్కడ నీ పేరు రాయవేం అల్లుడూ?"

"ఆఫీసుకెళ్లిన రోజున రాసుకుంటాలే మావయ్యా. ముందు నువ్వు సంతకాలు పెట్టెయ్. మళ్లీ మళ్లీ నిన్ను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు."

నా మంచి కోసమే అన్నట్టు చెప్పాడు. పెట్టేశాను.

నేనంత నిశ్చింతగా ఎందుకు ఉన్నానో కూడా చెప్పాలి. మా నాన్న ఎడ్ల వ్యవసాయం చేసినవాడు. ఎద్దును అమ్మితే పలుపు ఇచ్చేవాడు కాదు. మెడలో పాత తాడు విప్పి తన భుజాన వేసుకునేవాడు. కొన్నవాడు తాను తెచ్చుకున్న కొత్త పలుపు కట్టుకునేవాడు. ఆ ముడి పడిన క్షణం నుంచి అది పొడిచినా, ఎవరి చేలో పడినా పూచీ కొత్త ఆసామిదే. ఒకసారి సంతలో ముడి పడీ పడగానే ఎద్దు బెదిరి కుండలవాడి సరుకంతా తొక్కేసింది. కుండలవాడు మా నాన్న మీదికి వచ్చాడు. మా నాన్న భుజాన ఉన్న పలుపు చూపించాడు. కుండలవాడు తిన్నగా కొన్నవాడి దగ్గరికి నడిచాడు. నేనప్పుడు మా నాన్న పంచె పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ లెక్కనే నేను కారు తాళం ఇస్తూ, దాని రింగు మాత్రం విప్పి జేబులో వేసుకున్నాను. నా బాధ్యత అక్కడితో తెగిపోయిందని మనసారా నమ్మాను. మధ్యలో ఒకసారి ఫోన్‌కి ఏదో చలానా అంటూ మెసేజి వస్తే, దొంగ మెసేజిలు ఎక్కువయ్యాయని తిట్టుకుని తుడిచేశాను.

నోటీసు పట్టుకుని మర్నాడు పొద్దున్నే గుడివాడ బస్సెక్కాను. అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు. కాగితం చూసి తేలిగ్గా నవ్వాడు.

"ఆ కారా? నా దగ్గర మూణ్ణెల్లు కూడా లేదు మావయ్యా. అమ్మేశాగా!"

"ఎవరికి?"

"నాగాయలంక అవతల రొయ్యల చెరువులాయనకి."

"ఏ కాగితాల మీద అమ్మావు?"

"నీ కాగితాల మీదే. సంతకాలు ఉన్నాయిగా. ఒకసారి నా పేరుకి మార్చి, మళ్లీ ఆయన పేరుకి మార్చి, రెండుసార్లు ఆఫీసు చుట్టూ ఎవడు తిరుగుతాడు? అందరూ చేసేదే ఇది."

"అందరూ చేసేదైతే నోటీసు అందరికీ రావాలిగా! నాకొక్కడికే వచ్చిందేం?"

అతని భార్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "బాగా అడిగారు బాబాయ్‌గారూ. మా మావగారు పోయి తొమ్మిదేళ్లు. కరెంటు బిల్లు ఇంకా ఆయన పేరునే వస్తోంది. ఈయన చేత ఒక పేరు మార్పించడం దేవుడి వల్ల కూడా కాదు. ఇప్పుడు పెద్దాయన్ని స్టేషనుకి పంపిస్తారా, మీరెళ్తారా?"

ఆ మాట తగిలింది. చొక్కా వేసుకుని నాతో బయలుదేరాడు.

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. దారి పొడుగునా అతను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పులిగడ్డ వంతెన దాటాక మాత్రం ఒకటి అడిగాను. "ఆ గుద్దబడ్డ మనిషి ఎవరో కనుక్కున్నావా?" తల అడ్డంగా ఊపాడు. నేనూ కనుక్కోలేదు. వారం లోపల నన్ను నేను కాపాడుకోవడమే సరిపోయింది నాకు.

రొయ్యల చెరువులాయన కుర్చీలు వేయించాడు, కొబ్బరిబొండాలు కొట్టించాడు. మర్యాదలో లోటు లేదు. కారు సంగతి ఎత్తగానే గొంతు మారింది.

"నా దగ్గర పది మంది పనివాళ్లున్నారండీ. ఎవరు తోలారో నాకేం తెలుసు? అయినా రికార్డులో మీ పేరేగా ఉంది. ఓనరు మీరేనండీ."

మేత బస్తాల షెడ్డు వెనక టార్పాలిన్ కప్పి ఉంది కారు. నేనే వెళ్లి అంచు ఎత్తాను. ఎడంవైపు లైటు లేదు. లోపల సీటు కవర్లు మాత్రం నేను కుట్టినవే, ఒక్క కుట్టు చెదరలేదు. ఏమిటో, అది చూసేసరికి నాకు కోపం ఆగలేదు.

"మీ రొయ్యలు ఎవరి పేరు మీద అమ్ముతారండీ?"

"నా పేరు మీదే."

"రొయ్యలకి మీ పేరు, గుద్దడానికి నా పేరా?"

ఆయన చెరువు వైపు చూస్తూ, "లాయరుతో మాట్లాడి ఫోన్ చేస్తానండీ," అన్నాడు. మా అల్లుడు నా చెయ్యి పట్టి లాగాడు.

గుద్దబడింది ఒక ఆడమనిషని, కాలు విరిగి బందరు పెద్దాసుపత్రిలోనే ఉందని మర్నాడు కానిస్టేబులు చెప్పాడు. మా ఇంటికి కూతవేటు దూరం. నాలుగు బత్తాయిలు కొనుక్కుని వెళ్లాను. నిజం చెప్పొద్దూ, పరామర్శకు కాదు, నా దోషం లేదని ఆవిడకు చెప్పుకోవడానికి వెళ్లాను.

నలభై ఏళ్లుంటాయి. నాట్లకు వెళ్తూ కరకట్ట మీద నడుస్తుంటే కారు వెనకనుంచి వచ్చి గుద్దిందట. కూలి ముఠాలో వాళ్లే కారు నంబరు గుర్తు పెట్టుకున్నారు. కాలు పైకి కట్టి ఉంది. నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. నేను అమ్మేశాననీ, కొన్నవాడు అమ్మేశాడనీ, ఆఖరివాడు తనకు తెలియదంటున్నాడనీ.

"అయితే మీది కాదు, ఆయనది కాదు, ఈయనది కాదు," అంది. "ఎవరిదీ కాని కారొచ్చి నన్ను గుద్దిందాండీ?"

పక్కన భర్త, "ఊరుకోవే, పెద్దాయన," అన్నాడు.

"నేనేమన్నాను? అడిగాను అంతే. నాట్లు అయిపోతన్నాయి, నేనిక్కడ పడున్నాను. ఎవర్నో ఒకర్ని అడగాలిగా."

అప్పటిదాకా నాకు జరిగిన అన్యాయమే నాకు కనపడింది. ఆవిడ మాట విన్నాక మా ముగ్గురం కలిసి చేసిన పని కనపడింది. దానికి మొదటి సంతకం నాది.

బందరు కోర్టులో ఒక వకీలుగారున్నారు. ఆయన నల్లకోట్లన్నీ నేను కుట్టినవే. వెళ్లి పలుపు కథతో సహా అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"చట్టానికి పలుపు తెలియదండీ. అమ్మిన పద్నాలుగు రోజుల్లో మీరే రవాణా ఆఫీసుకు తెలియజేయాలి. రికార్డులో పేరు మారేదాకా ఓనరు మీరే. ముందు ఇన్సూరెన్సు ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఆవిడ నష్టపరిహారం మీ ఇంటి మీదికొస్తుంది."

మా ఇల్లంటే రెండు గదులు, ముందు మిషను పెట్టుకునే వరండా. అక్కడినుంచి తిన్నగా నెట్ సెంటరుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి కారు నంబరు కొట్టి, "ఉంది తాతగారూ. ఇంకా అయిదు నెలలుంది," అంది. మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు. చెక్‌పోస్టుల్లో ఆపుతారన్న భయంతో రొయ్యలాయన పాలసీ తప్పకుండా కట్టుకుంటూ వచ్చాడు. పేరు మార్చే ఓపిక లేక నా పేరు మీదే కట్టాడు. ఆ బద్ధకమే నా ఇంటిని కాపాడింది. క్లెయిము కేసులో ఓనరుగా నా పేరు ఉంటుంది గాని, కట్టేది మాత్రం కంపెనీయేనని వకీలుగారు చెప్పారు.

ఆ మధ్యాహ్నమే కూర్చుని స్టేషను అధికారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. వకీలుగారు రాసిస్తానన్నారు. వద్దన్నాను. నా తప్పు నా చేత్తోనే రాయాలనిపించింది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టానని, ఆఫీసుకు తెలియజేయలేదని, వచ్చిన మెసేజిని తుడిచేశానని రాశాను. కారు ఏ షెడ్డు వెనక ఉందో, ఏ లైటు లేదో రాశాను. పాలసీకి డబ్బు కట్టిన మనిషి ఫోన్ నంబరు కంపెనీని అడిగితే తెలుస్తుందని రాశాను. నాకు జవాబు కాగితం మీదే కావాలని చివర ఒక ముక్క పెట్టాను. గుడివాడ అల్లుడు కారు ఎవరికి అమ్మిందీ రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఈసారి తేదీ వేశాడు. పక్కన వాళ్లావిడ నిలబడి వేయించింది.

రిజిస్టరు పోస్టు చేశాక పంతొమ్మిది రోజులు. గేటు చప్పుడైతే లేచి చూసేవాణ్ణి. మధ్యలో రొయ్యలాయన ఫోన్ చేసి, "ఇంత దూరం ఎందుకు తీసుకెళ్లారండీ, మనలో మనం మాట్లాడుకునేవాళ్లంగా," అన్నాడు. "మాట్లాడటానికే వచ్చానండీ, బొండాలు తాగి వెళ్లాను," అని పెట్టేశాను.

ఇరవయ్యో రోజున పోస్టు వచ్చింది. కళ్లజోడు తుడుచుకుని, మా ఆవిడకు వినపడేలా పైకి చదివాను:

"మీరు పంపిన లేఖ అందినది. విచారణలో సదరు కారు నడిపిన వ్యక్తిని గుర్తించినాము. అతడు స్టేషనుకు హాజరై ఒప్పుకున్నాడు. కారును స్వాధీనపరచుకున్నాము. ఇన్సూరెన్సు వివరములు గాయపడిన మహిళ కుటుంబమునకు అందజేసినాము. ఈ కేసులో మీరు ముద్దాయి కారు, సాక్షి మాత్రమే. పిలిచినప్పుడు రాగలరు."