అవ్వ ముడుతల లెక్క

ఫోటో దిగాలంటే తల దువ్వుకుని స్టూడియోకు పోవాల్సిన రోజులు అప్పటికే కొడిగట్టాయి గానీ, మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ పైకి ఒప్పుకునేవారు కాదు. కామారెడ్డిలో మా మేనమామకు ఒక స్టూడియో, ఎల్లారెడ్డిలో మా బాపుకు ఒక స్టూడియో. ఇద్దరూ డిజిటల్‌కు మారి ఏళ్లు గడిచినా, ఇద్దరి షోకేసుల్లోనూ దేవుడి పటం పక్కన ఒక్కో పాత రెండు కండ్ల కెమెరా కొలువుండేది. (పై కన్ను మనం చూసుకోవడానికి, కింది కన్ను ఫిల్ము చూడటానికి. మెడలో వేసుకుని, తల వంచి పైనుంచి చూడాలి. వెడల్పు రీలు, రీలుకు పన్నెండే ఫోటోలు.) బాపుది జర్మనీ అద్దం, మామది జపాన్ అద్దం. ఏ అద్దం పదునైనదన్న తగువు నా చిన్నప్పటి నుంచీ ఉంది. పెళ్లిలో కలిసినా, దినాలకు కలిసినా, రెండో ముద్ద నోట్లోకి పోకముందే మొదలయ్యేది.

"నా అద్దంతోని దీస్తే చీమ మీసాలు గూడ లెక్కవెట్టొచ్చు బామ్మర్దీ" అనేవాడు బాపు. "చీమ సంగతి తర్వాత బావా, మా అక్క ఫోటో ఎన్నడన్న మంచిగ దీసినవా?" అనేవాడు మామ. అమ్మ ఇద్దరి విస్తళ్లలోనూ మరింత కూర వేసి నోళ్లు మూయించేది.

నేను డిగ్రీ అయ్యాక మామ దగ్గర పనికి కుదిరాను. పెళ్లికూతుళ్ల మొటిమలను కంప్యూటర్లో మాయం చేయడం నా ఉద్యోగం. దాంతోపాటు మామ తన పాత విద్యను కూడా నాకు నేర్పాడు. నెగటివ్‌లో ముఖం మీది ముడుత సన్నటి గీతలా వెలిసి కనిపిస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో దాన్ని మెత్తగా పూడిస్తే ఫోటోలో ముడుత ఉండదు. "పెద్దమనుషుల నెగటివ్ దిద్దకుండ డార్క్‌రూం దాటిస్తే పాపం తగుల్తది కోడలా" అనేవాడు మామ. ఊరి పాత నెగటివ్‌లన్నీ తీసి నా చేత దిద్దించేవాడు. రెండేళ్లలో నా చెయ్యి ఎంత తిరిగిందంటే, బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ ముఖం చూసినా వేళ్లు దురద పెట్టేవి.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ రోజుల్లోనే, పాత కెమెరాలు పోగుచేసే సారు ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, రెంటిలో ఏదో ఒకటి తనకు అమ్మమని అడిగాడు. "బావదే ఇస్తడు, ఎట్లాగు మసకనే గద" అన్నాడు మామ. "మసక నీ కండ్లకా, నా అద్దానికా?" అన్నాడు బాపు. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. రెండు కెమెరాలతో ఒకే బొమ్మ తీయాలి, ఓడిన కెమెరా సారుకు ఇచ్చెయ్యాలి. ఆ మాట అన్న మరుక్షణం ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి గానీ, వెనక్కి తగ్గడమన్నది మా వంశంలో లేదు. నా మొదటి పుట్టినరోజు మొదలు డిగ్రీ పట్టా దాకా బాపు ఆ కెమెరాతోనే తీశాడు. ప్రతి ఆదివారం దాన్ని తుడిచేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అది పోతే బాపు ఏమైపోతాడోనని నాకు భయం.

తీర్పు చెప్పడానికి భూతద్దం ఉన్న ఒక రిటైర్డ్ డ్రాయింగ్ సారును పెట్టుకున్నారు. గోడకు పేపరు అంటించి ఒక్కో రీలు తీసి కడిగితే రెండింట్లోనూ అక్షరాలు ఒకేలా వచ్చాయి. కొత్త రీళ్లు ఎక్కించి, పేపర్లు మార్చి మార్చి తీస్తూ పోయారు, చివరికి ఒక్కో కెమెరాలో ఒక్కో ఫోటో మిగిలింది. అప్పుడు మామ అన్నాడు, "పేపర్ దేనికి సార్? మన గిరాకంత మొకాలే. మా అవ్వ మొకం దీద్దాం. ఎవని ఫోటోల ముడుతలు ఎక్కువ కనవడితే వాడు గెల్చినట్టు."

మామను కన్నతల్లి, నాకు అమ్మమ్మ అయిన అవ్వ తాడ్వాయిలో ఉండేది. ఇద్దరికీ నడిమధ్య ఊరు కాబట్టి న్యాయం అక్కడే మొదలైంది. ఫోటో అనగానే అవ్వ ముఖం కడుక్కుని, పౌడరు డబ్బా తీసింది. "పౌడర్ వద్దు అత్తా, ముడుతలు కనవడయి" అంటూ బాపు పరుగెత్తాడు. "ముడుతలు కనవడొద్దనే గదరా రాసుకునేది!" అంది అవ్వ అయోమయంగా, అల్లుడన్న మొహమాటం కూడా మరిచిపోయి. టేపుతో దూరం కొలిచి, ఒకే చోట, ఒకే ఎండలో ఇద్దరూ చెరొకటి తీశారు. "మళ్ల కూసోమంటే కట్టె అందుకుంట" అని అవ్వ లేచి మక్కజొన్నలు ఎండబెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

రెండు రీళ్లూ మామ డార్క్‌రూంలోనే కడిగాను. మర్నాడు మామ ఏదో పెళ్లికి పోతూ ప్రింట్లు వేసి పెట్టమన్నాడు. దారానికి వేలాడుతున్న బాపు నెగటివ్‌ను వెలుతురుకు ఎత్తి చూశాను. అవ్వ. నా బాపు తీసిన అవ్వ. 'ఈ ఒక్క ఫోటో బ్రహ్మాండంగా రావాలి దేవుడా' అనుకుని పెన్సిల్ చెక్కాను. గంటన్నర పట్టింది. నా జీవితంలో అంత గొప్పగా ఏ నెగటివ్‌నూ దిద్దలేదు. మామ నెగటివ్‌ను ముట్టుకోలేదు. (ఆయనకు నేనెందుకు సాయం చేయాలి?)

మర్నాడు బాపు ఎల్లారెడ్డి నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. సారు భూతద్దం తుడుచుకుని మామ ఫోటో మీద పెట్టి, "ఒకటి, రెండు, మూడు..." అని కంటి కొస నుంచి లెక్క మొదలుపెట్టాడు. మూడు అనేసరికి నా తప్పు నాకు తెలిసింది. పదకొండు అనేసరికి చేతులు వెనక్కి దాచుకున్నాను. మామ ఫోటోలో ఇరవై ఏడు తేలాయి. తర్వాత బాపు ఫోటో తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, భూతద్దాన్ని మళ్లీ తుడిచి, "రెండు" అన్నాడు సారు.

బాపు కెమెరాను తోలు సంచిలో పెట్టి, బొత్తాం పెట్టబోతే వేళ్లకు దొరకడం లేదు. చెబితే తండ్రి కోసం దొంగాట ఆడిందంటారు, చెప్పకపోతే కెమెరా పోతుంది. బొత్తాం మూడోసారి జారేసరికి నాకు ఏడుపొచ్చింది. "బాపూ, నేనే దిద్దిన!" అని మొత్తం కక్కేశాను.

మామ ఆ దిద్దిన నెగటివ్ లాక్కుని కిటికీ దగ్గరికి పోయాడు. చాలాసేపు చూశాడు. "బావా, ఇటు రా. నీ బిడ్డ చెయ్యి సూడు! ఒక్క పెన్సిల్ గీత కనవడ్తున్నదా?" అన్నాడు. గొంతులో కోపం వెతికాను, దొరకలేదు. "నన్ను గెలిపిస్తవనుకుంటే నిండ ముంచితివి బిడ్డా" అంటూ బాపు నా నెత్తి మీద మొట్టాడు, అయితే అప్పటికే నవ్వుతున్నాడు.

పందెం మళ్లీ పెట్టాలంటే అవ్వ మళ్లీ కూర్చోవాలి. బతిమాలడానికి ఫోటోలు రెండూ పట్టుకుని తాడ్వాయి పోయాం. అవ్వ మామ ఫోటో చూసి, "గీ ముసల్ది ఎవల్రా?" అంది. బాపు ఫోటో చూసి కొంగుతో దాని మీద లేని దుమ్ము తుడిచి, "గిది నేను. నేను వోయినంక దండ దీనికే వెయ్యుండ్రి" అంది. తర్వాత పందెం సంగతి తెలిసి కట్టె నిజంగానే అందుకుంది. "నన్ను గింత సక్కగ దీసిన డబ్బను అమ్ముతరా? ఏదీ అమ్మొద్దు, నా మీద ఒట్టు!" ఆ ఒట్టు కోసమే కాచుకున్నట్టు ఇద్దరూ ఒక్కసారే "సరే" అన్నారు. తిరుగు బస్సు కోసం నిలబడ్డచోటే మళ్లీ జర్మనీ, జపాన్ మొదలయ్యాయి.

ఏ అద్దం పదునైనదో ఈనాటికీ తేలలేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె మాట ప్రకారమే నా పెన్సిల్ దిద్దిన ఫోటోకు దండ వేశాం. వచ్చినవాళ్లంతా "ఎంత కళగా ఉందో" అంటారు, నేను లోలోపల మురిసిపోతాను. ఇప్పుడు నా కంటి కొసల్లోనూ మూడో నాలుగో గీతలు పడ్డాయి. ఫోను వాటిని అడగకుండానే తుడిచేస్తుంది, నేనూ వద్దనను, అవ్వ మనవరాలిని కదా. కానీ అవ్వ మీద బెంగ పుట్టినప్పుడు గోడ మీది ఫోటో నాకు సరిపోదు. బీరువాలో చీరల కింద దాచిన మామ ఫోటో తీసి, కంటి కొస నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటాను. ఇరవై ఏడూ ఉన్నాయి.