ఓడెక్కిన రైలు

కమలాపండు తొక్క గిల్లినప్పుడు చివ్వున ఎగిరే తుంపర వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పండు మీద కాదు, నా మీద. మొన్న మా మనవరాలు నా పక్కన కూర్చుని పండు ఒలుస్తూ, ఫోన్‌లో సిసిలీ యాత్రల ప్రకటన చూపించింది. ఇటలీకి దక్షిణాన ఉన్న ద్వీపం అది. నీలి సముద్రం, గ్రీకుల గుళ్ళు, నిమ్మతోటలు, చివర్లో ఓడ కడుపులోకి దూరుతున్న రైలు. "అమ్మమ్మా, రైలు ఓడెక్కుతుందట, చూశావా!" అంది. చూశాను తల్లీ, అరవై ఏళ్ళ కిందట నల్లబల్ల మీద చూశాను. నా చేత్తోనే చెరిపేశాను.

అరవైల మొదట్లో బెంగాల్లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు బడిలో నేను భూగోళం చెప్పేదాన్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం కొత్త. తాల్‌బగీచా పేటలో మా పక్కింట్లో అప్పలసూరి బాబాయి ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. స్టేషన్లో ఆగిన బండి చక్రాలను ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం ఆయన పని. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు బాగుచేసే దళంలో చేరి సిసిలీ దాకా వెళ్ళివచ్చాడు. సాయంత్రం అరుగు మీద చేరితే ఇక ఆ ద్వీపం కబుర్లే.

"ఏటనుకున్నావు పంతులమ్మా! ఆ కమలాతోటలు, నిమ్మతోటలు ఆల్ల సొంతం కావు. అరబ్బులు అట్టుకొచ్చినారు. నీల్ల కాలవలు తవ్వడం కూడా ఆల్లే నేర్పినారు. గుల్లేమో అంతకు ముందు గ్రీకులు కట్టినారు. ఒచ్చినోడల్లా ఏలినాడు. రాల్లు మోసినోడి పేరు మాత్రం ఎక్కడా నేదు," అనేవాడు. ఒకసారి ఆ గుళ్ళలో ఒకదాని స్తంభాన్ని తన సుత్తితోనే టంగుమని కొట్టి చూశాడట. "రెండు వేల ఏల్ల నాటి రాయి గదా, లోన పగులుందేమోనని. కాపలా ముసిలోడు కర్రట్టుకుని తరిమినాడు. అయినా మోత బాగుంది, రాయి గట్టిదే!" నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కానీ అదే నోటితో ఆయన అక్కడి ఆకలి గురించి కూడా చెప్పేవాడు. వంతెనలు కూలిపోయి, పళ్ళు చెట్ల కిందే కుళ్ళిపోతుంటే పట్నంలో పిల్లలకు తిండి లేదట. వీళ్ళ దళం పట్టాలు వేశాక మొదటి బండి కమలాపళ్ళతోనే కదిలిందట.

ఇటలీ పాఠం వచ్చినప్పుడు, బడికి వచ్చి చెప్పమని నేనే అడిగాను. వారం రోజులు ఆయనకు అదే ధ్యాస. "నాలాంటోడు సెప్తే పిల్లలు నమ్ముతారంటావేటి?" అని పదిసార్లు అడిగాడు. "ఎందుకు నమ్మరు బాబాయీ, పక్కన నేను లేనూ?" అన్నాను. ఆ మాట తలచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో వచ్చాడు. సుద్దముక్కతో ఇటలీ గీశాడు, దాని కొసన ద్వీపం, మధ్యలో సముద్రం, సముద్రంలో ఓడ, ఓడలో పట్టాలు. "బండిని ముక్కలు సేసి, పెట్టెల్ని ఓడలోకి తోస్తారు. అవతల గట్టున మల్లీ కలుపుతారు," అంటూండగా హెడ్మాస్టరు లోపలికొచ్చాడు. బల్ల వైపు చూసి పకపకా నవ్వాడు. "రైలు ఓడెక్కుతుందా? ఏ పుస్తకంలో ఉంది?" అని, నా వైపు తిరిగి, "చక్రాలు కొట్టుకునేవాడితో భూగోళం చెప్పిస్తారా? ముందు అది తుడిచేయండి" అన్నాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు. బాబాయి ఆయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నేను డస్టరు తీసుకుని ఓడను, పట్టాలను, ద్వీపాన్ని వరసగా తుడిచేశాను. ఆయన చొక్కా మీది సుద్దపొడి దులుపుకుని వెళ్ళిపోయాడు.

పక్కనున్న హౌరా దాటి ఎరగని ఆ హెడ్మాస్టరుకి అంత పొగరేమిటని నెల రోజులు కుతకుత ఉడికిపోయాను. ఊళ్ళోనే హిజ్లీ ఇంజనీరింగు కాలేజీలో చదివే మా అన్నయ్యను పట్టుకుని, అక్కడి లైబ్రరీ నుంచి ఐరోపా రైళ్ళ పుస్తకం తెప్పించాను. అందులో ఉంది ఫోటో! అచ్చం బాబాయి గీసినట్టే. తీసుకెళ్ళి హెడ్మాస్టరు బల్ల మీద పెడితే, "ఓహో, అలాగా" అని ఫైల్లో తల దూర్చేశాడు. అంతే! అక్కణ్ణుంచి పరుగున బాబాయి ఇంటికి వెళ్ళాను. "దొరికింది బాబాయీ, నువ్వు చెప్పింది నిజమే!" అన్నాను.

ఆయన కమలాపండు ఒలుస్తున్నాడు. పుస్తకం వైపు తల తిప్పలేదు. "బొమ్మ దొరికింది గాబట్టి నాను అబద్దాలోడిని కానన్నమాట," అన్నాడు. తొనలు విడదీస్తూ, "ఆ మాస్టరుకి నానెవుడో తెల్దు. నీకు తెలుసు గదమ్మా," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. సగం పండు నా చేతిలో పెట్టాడు. తినకుండానే ఇంటికి పట్టుకెళ్ళాను. ఆ తర్వాత సిసిలీ ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు. రిటైరై సొంతూరు వెళ్ళి, అక్కడే పోయాడు.

రిటైరయ్యేదాకా ఏటా ఇటలీ పాఠం నాడు ఆ బొమ్మ గీశాను. "ఇది అప్పలసూరిగారు చెప్పిన పాఠం" అనే చెప్పాను. గంట కొట్టాక మాత్రం డస్టరు ముట్టకుండా బయటికి వచ్చేసేదాన్ని. తరవాతి పీరియడు టీచర్లు విసుక్కుంటే విసుక్కున్నారు.

"నీకు ముందే తెలుసా అమ్మమ్మా? ఏ పుస్తకంలో చదివావు?" అని అడిగింది మనవరాలు, ఫోన్‌లో ఆ రైలు చూసి నేను ఆశ్చర్యపోకపోయేసరికి.

"పుస్తకం కాదు. చూసినవాడు చెప్పాడు," అన్నాను.