ఆళ్లగడ్డలో బిగించిన ఇంజను

దెయ్యాలు, గాలి సోకడం లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. నా పని అలాంటిది. ఇంజను కదలకపోతే నిప్పు రావడం లేదనో, పెట్రోలు అందడం లేదనో అర్థం. వెతికితే కారణం దొరుకుతుంది. నంద్యాలలో నలభై ఏళ్లు మెకానిక్కుగా బతికాను. వెతికినా కారణం దొరకనిది ఒక్కటే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాల బస్టాండు వెనక నాకొక రేకుల షెడ్డు ఉండేది. నా పేరు మాబు. ఎక్కువగా లారీలు, బావుల దగ్గరి ఆయిలింజన్లు వచ్చేవి. ఒక వేసవిలో ఆళ్లగడ్డ నుంచి చిన్నపరెడ్డి అనే రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఇంట్లో పాత కారు ఉందని, ఇంజను పట్టేసి తిరగడం లేదని చెప్పాడు.

వెళ్లి చూశాను. గొడ్లపాక ఎదురుగా రేకుల కింద పెట్టారు. ఇద్దరు మాత్రమే కూర్చోగలిగే, పైకప్పు లేని పందెం కారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది. ఆయన కొడుకు మనోహర్ మద్రాసులో చదువుకునేటప్పుడు, దేశం విడిచిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడట. చాగలమర్రి రోడ్డు మీద దాన్ని తోలుతుంటే చేలల్లో జనం పని ఆపి చూసేవాళ్లట. ఇంజను పట్టేసిన పది రోజులకే మనోహర్‌కు విషజ్వరం వచ్చింది. మళ్లీ మంచం దిగలేదు.

"బండి బాగైనాక అహోబిలం పిల్సుకపోతానని వాళ్లమ్మకు చెప్పినాడప్పా," అన్నాడు చిన్నపరెడ్డి. "ఆమె ఒక్కసారి గూడా దాంట్లో కూకోలేదు. వాడు పోయినకాడ్నుంచి గది దాటి బయటికి రాల్యా. పిడికెడు సంగటి గూడా తినదు. బండి లేస్తే నేనన్నా పిల్సుకపోతా."

ఇంజను దించి లారీలో నంద్యాలకు తెచ్చాను. ముక్కముక్కా విప్పాను. గీతలు పడిన సిలిండర్లను లోపల బోరు కొట్టి నునుపు చేయించాను. మద్రాసు నుంచి కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు రావడానికి రెండు నెలలు పట్టింది. నాలుగు పిస్టన్లూ నా చేత్తోనే ఎక్కించాను. తోమిన వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి. వాటిపైన మూతలా ఉండే హెడ్డు పెట్టి, నట్లు బిగించి, ఇంజనును మళ్లీ ఆళ్లగడ్డకు చేర్చాను.

పొద్దున్నే పని మొదలుపెట్టాం. ఆ ఇంట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న పుల్లన్న నాకు సాయం. మూడు దూలాలు నిలబెట్టి, చైను కప్పీకి ఇంజను కట్టి, అంగుళం అంగుళం దించాం. గేరుబాక్సుతో కలవడానికి చాలాసేపు మొరాయించింది. చివరికి కూర్చుంది. బోల్టులు బిగించి, సైలెన్సరుకు పోయే పొగగొట్టం తగిలించేసరికి మధ్యాహ్నమైంది.

అప్పటికి ఏమేమి బిగించలేదో చెప్పాలి. రేడియేటరు గోడకు ఆనించి ఉంది. పెట్రోలు ట్యాంకు కడిగి ఎండలో పెట్టాం. కార్బురేటరు గుడ్డలో చుట్టి నా పనిముట్ల పెట్టెలోనే ఉంది. బ్యాటరీ నంద్యాలలో ఛార్జింగులో ఉంది.

గొడ్లపాక నీడలో కూర్చుని రొట్టెలు తింటున్నాం. కారు ఇరవై అడుగుల దూరంలో మా కళ్ల ముందే ఉంది. దాని దగ్గరికి ఎవరూ పోలేదు.

అప్పుడు ఇంట్లోంచి నర్సమ్మ బయటికి వచ్చింది. చిన్నపరెడ్డి భార్య. నేను ఆమెను చూడటం అదే మొదలు. తల దువ్వి జడ వేసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. పుల్లన్న చేతిలో రొట్టెతోనే లేచి నిలబడ్డాడు.

"ఎందుకాపినావప్పా?" అని నన్ను అడిగింది.

"ఏందమ్మా?"

"బండి. జడేసుకున్నంతసేపూ ఇంటానే ఉండా. బాగనే పలుకుతాండె. వాకిలి దాటేతలికి ఆగిపాయ."

నేనూ పుల్లన్నా ముఖాలు చూసుకున్నాం. కాకుల అరుపు తప్ప మాకేమీ వినపడలేదు. దిగులుతో ఆమె మనసు చెదిరిందనుకున్నాను. మెల్లగా నచ్చచెబుదామని కారు దగ్గరికి నడిచాను.

"ఇంగా లేపలేదమ్మా. సూడు, సల్లగుంది," అంటూ ఇంజను పక్కనున్న పొగగొట్టం మీద అరచెయ్యి ఆనించాను.

చెయ్యి కాలింది. పెనం మీద పెట్టినట్టు చుర్రుమంది. అరచేతిలో బొబ్బ లేచింది. పుల్లన్న నమ్మలేక తన చెంబులో నీళ్లు గొట్టం మీద పోశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. ఎండకు కాలిందనుకుందామంటే కారు నీడలో ఉంది. దాన్ని ఆనుకునే ఉన్న మడ్‌గార్డు చల్లగా ఉంది.

నర్సమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. చిన్న తలుపు తీసుకుని, డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. ఒళ్లో చేతులు పెట్టుకుని కాసేపు ముందుకు చూస్తూ ఉంది. తరువాత దిగి, "ఆకలైతాంది," అని లోపలికి వెళ్లింది. వాకిట్లో నిలబడిన చిన్నపరెడ్డి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

రెండు రోజుల్లో అన్నీ బిగించాను. బ్యాటరీ వచ్చింది. పెట్రోలు పోశాను. ఇంజను లేవలేదు. ప్లగ్గుల్లో నిప్పు వస్తోంది, పెట్రోలు అందుతోంది, గాలి ఎక్కడా కారడం లేదు. ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పాను. మనుషులను పెట్టి తోయించాను. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా అంటుకోలేదు.

అయిదో రోజు హెడ్డు విప్పాను. నాలుగు పిస్టన్లూ నల్లగా ఉన్నాయి. తడి కాదు, నూనె కాదు. గట్టిపడిన మసి. వేల మైళ్లు తిరిగితే తప్ప అంత మసి పట్టదు. గోటితో గీకితే కింద కొత్త లోహం మెరిసింది.

చిన్నపరెడ్డి నా పక్కనే నిలబడి చూశాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. మళ్లీ అంతా విప్పి చూస్తానన్నాను.

"వద్దు మాబూ. మూసేయ్," అన్నాడు. "దినామూ మద్యాన్నం ఆమెకు పలుకుతాందంట. జడేసుకొని వచ్చి దాంట్లో కూకుంటాంది. లోపలికి పోయి ఇంత తింటాంది. ఆమెకు పలికితే సాలు. నువ్వు ఇప్పితే అదిగూడా పోతాదేమో."

మసి తుడవకుండానే హెడ్డు మూశాను. నట్లు బిగించాను. సాయంత్రం బస్సుకు నంద్యాల వచ్చేశాను. ఆ కారును మళ్లీ చూడలేదు.

రెండేళ్ల తరువాత పత్తి అమ్మకానికి వచ్చి చిన్నపరెడ్డి నా షెడ్డుకు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. వానాకాలంలో నర్సమ్మ పోయిందని చెప్పాడు. మంచం పట్టే ముందురోజు వరకూ ఆమె మధ్యాహ్నం వచ్చి కారులో కూర్చునేదట. ఇప్పుడు ఆ వేళకు తాను పోయి కూర్చుంటున్నాడట.

"ఏమన్నా ఇనపడిందా రెడ్డెప్పా?" అని అడిగాను.

"ల్యా. ఒక్కదినం గూడా ఇనపడల్యా," అన్నాడు. "అంత మసి పట్టేదాక తల్లీకొడుకులిద్దరూ యాడికి పోతాండ్రి మాబూ? నీకు ఇంజన్లు తెలుసు గదా, నువ్వన్నా చెప్పు," అన్నాడు.