బెల్తరాలో లేని సుకవారా

1990 ఫిబ్రవరిలో నన్ను బిలాస్‌పూర్ కుష్ఠు నివారణ విభాగంలో నాన్ మెడికల్ అసిస్టెంటుగా వేశారు. డాక్టరు కింద ఇంటింటికీ తిరిగే ఉద్యోగం అది. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చలు వెతకాలి. నెలకోసారి మా ఎదుటే మందు మింగించాలి. రానివాళ్ళను వెతికి తీసుకురావాలి. ఛత్తీస్‌గఢ్ అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. నేను పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనే. గోల్ బజార్‌లో వేడి జిలేబీ పొట్లం కట్టించుకుని డ్యూటీకి రిక్షా ఎక్కిన ఆ ఉదయాలు ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతాయి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకామె మా క్లినిక్‌కు వచ్చింది. పేరు సుకవారా అనీ, ఊరు బెల్తరా అనీ హిందీలో చెప్పింది. మోచేతి మీద పాలిపోయిన మచ్చ. కళ్ళు మూసుకోమని, ఈక తగిలిన చోటల్లా వేలు పెట్టమన్నాను. మచ్చ మీద తాకితే వేలు కదల్లేదు. తగిలిందా అని హిందీలోనే అడిగాను.

"ఏటీ తగల్నేదమ్మా" అనేసి, చప్పున నాలిక కరుచుకుంది. నేను విననట్టే ఊరుకున్నాను.

ఒక్కటే మచ్చ కాబట్టి ఆరు నెలల కోర్సు. రెండు నెలలు వచ్చింది, మూడో నెల రాలేదు. నియమం ప్రకారం బస్సెక్కి బెల్తరా వెళ్ళాను. అలాంటి మనిషి అక్కడ ఎవరూ లేరు. అప్పుడు ఆ తెలుగు ముక్క గుర్తొచ్చింది. బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్ళంటే ఎక్కువమంది మాలా రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళే.

రైల్వే కుటుంబాలకు సొంత ఆసుపత్రి ఉంది. అక్కడ చూపించుకుంటే క్వార్టర్ల లైనంతా తెలిసిపోతుందని మా దగ్గరికి వచ్చి ఉంటుంది. నేను వెళ్ళి వాకబు చేస్తే ఆమె భయపడ్డదే జరుగుతుంది. సూపర్‌వైజరుతో మాట్లాడి ఆ క్వార్టర్లన్నిటికీ చర్మ పరీక్షల సర్వే పెట్టించాను. అందరినీ చూస్తే ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు.

వరసగా చూసుకుంటూ వెళ్తుంటే ఒక ఇంట్లో ఆమే తలుపు తీసింది. అసలు పేరు సూరమ్మ. భర్త అప్పన్న పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్. ముందు అతన్నీ, పిల్లల్నీ చూశాను. ఎవరికీ ఏమీ లేదు. ఆడవాళ్ళ పరీక్ష లోపలి గదిలో చేస్తాం. తలుపు దగ్గరగా వేయగానే సూరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వానలని ఆయనకి రాత్రి గస్తీ ఏసినారు. పగలంతా ఇంటికాడే ఉంటన్నాడు, ఎలగొచ్చీది? తెలిస్తే నన్ను ఊరికి పంపీస్తాడమ్మా."

ఆ నెల మందు అక్కడే మింగించాను. ఇక నుంచి గోల్ బజార్‌కు కూరలకొచ్చే రోజున అక్కడే ఇస్తానని మాటిచ్చాను.

తర్వాతి నెల ఆమె గోల్ బజార్‌కు రాలేదు. అప్పన్న సైకిలు వెనక కూర్చుని సరాసరి క్లినిక్‌కే వచ్చింది. లోపల పరీక్ష అంతసేపు ఎందుకయిందని అతను అడిగాడట, ఆమె దాచలేకపోయింది. వసారాలో పదిమంది చూస్తుండగా అప్పన్న నన్ను నిలదీశాడు.

"అచ్ఛా, దీనికి మందుందంట కదా? మరి నాకెందుకు చెప్పనేదు?"

వసారా చివరికి రమ్మని సైగ చేశాను. అతనే గొంతు తగ్గించాడు.

"మా అయ్యకి మందు నేకపోనాది. ఊరవతల పాకేసి ఉంచీసినారు. కూడు నానే అట్టుకెల్లీవోణ్ణి. అలాటోణ్ణి, దీన్ని ఒగ్గీస్తానా?"

సూరమ్మ తలెత్తి అతని వైపు చూసింది. మామగారి జబ్బు సంగతి ఆమెకూ అప్పటిదాకా తెలియదు.

మిగతా నెలలు ఇద్దరూ కలిసే వచ్చారు. కోర్సు పూర్తయింది, చేతికి ఏ వంకరా రాలేదు.

రోగి రహస్యం కాపాడటం మా మొదటి నియమం, చివరిదాకా దాన్ని పాటించాను. అయితే మందు ఎక్కడ దొరుకుతుందో రోగికి ఒక్కరికే తెలిస్తే చాలదని అప్పన్న వల్ల తెలిసింది. ఆ తర్వాత సర్వేకు వెళ్ళిన ప్రతి ఇంట్లో, జబ్బు ఉన్నా లేకపోయినా, అందరినీ కూర్చోబెట్టి చెప్పేదాన్ని. దీనికి మందు ఉంది, ఉచితంగా ఇస్తారు, ఇంట్లోనే ఉండి వాడుకోవచ్చు అని.