మా మేనత్త ఏరి పారేసిన గింజలు

ఇవాళ డిపోలో బియ్యం పోయించుకుంటుంటే అరచేతిలోకొచ్చిన ఒక పాలిపోయిన గింజని చూసి నాకు మళ్లీ ఒళ్లు మండింది. మన ఈడువాళ్లకి చెబితే అర్థమవుతుందండి. చిన్నప్పుడు చౌకడిపో బియ్యమంటే సగం రాళ్లు, సగం మట్టిబెడ్డలు. మా ఇంటి పునాది ఆ రాళ్లతోనే వేసేమని నేనంటే నవ్వేరుగానీ, కాదన్నవాడు లేడు. బండారులంకలో మా మేనత్త చాట పట్టిందంటే దోమరెక్క కూడా దాక్కోలేకపోయేది. ఊళ్లో పెళ్లివారు సైతం బస్తాలు ఆవిడకి చూపించాకే ఎసరు పెట్టేవారు.

మొన్నమొన్నటి సంగతి. ఆవిడ కోడలు కడుపుతో ఉంది, ఒంట్లో రక్తం చాల్లేదన్నారు. సరిగ్గా అప్పుడే డిపో బియ్యంలో ఈ కొత్తరకం గింజలు దిగేయి. కడిగితే నీళ్లమీద తేలుతున్నాయి, ప్లాస్టిక్ బియ్యమని వీధంతా గుప్పుమంది. బీదవాళ్లకి బలమని వీటిని కలిపించిన మహానుభావులు, ఆ ముక్క బీదవాళ్ల చెవిన వెయ్యడం మాత్రం నామోషీ అనుకున్నారు కాబోలు. డీలరుని అడిగితే, "వచ్చిందే ఇస్తన్నానండి, నేనేమన్నా పండించేనా?" అని తూకంవైపు తిరిగిపోయేడు.

ఇంక మా మేనత్త ఊరుకుంటుందా? కడుపుతో ఉన్న పిల్ల తినే కూడు కదా అని, మగ్గం పని మానుకుని, గింజగింజా ఏరి కోళ్లకి పోసింది. ఆ కోళ్లు ఎంత బలిసేయంటే కుక్కలు ఆ సందులోకి రావడం మానేసేయి.

ఓరోజు ఆస్పత్రి నర్సమ్మగారు ఇంటికొచ్చి, చాట పక్కన కుప్ప చూసి కేకలేసింది. "రక్తం పట్టడానికి ఐరన్ పెట్టి చేసి, బియ్యంలో కలిపినవే అవి! తెలీకపోతే అడగొద్దా?"

"ఎవర్నడగాలమ్మా? తమరొచ్చి ముందు చెప్పేరా?" అని మా మేనత్త అంతకంటే గట్టిగా లేచింది.

అప్పటిదాకా గొంతెత్తి ఎరగని కోడలు వచ్చి అత్తగారి చేతిలో చాట లాక్కుంది. "నా తిండి ఇంక మీరు ముట్టుకోకండత్తయ్యా."

అమలాపురంలో రక్తం ఎక్కించి పురుడు పోసేరు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు. ఆ గింజలు తినుంటే ఆ గండం తప్పేదో లేదో నాకు తెలీదు. చెప్పవలసినవాళ్లు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

కాలం మారిందంటారు, ఆయ్, మారింది. ఇప్పుడా ఇంట్లో బియ్యం కోడలే చూసుకుంటుంది. లోపల కోడలు బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపిస్తే, అరుగుమీద మా మేనత్త రెండు చేతులూ చీరచెంగులో దాచుకుంటుంది.